నూటికెన్ని? — ప్రశాంతచంద్ర మహలనోబిస్ చరిత్ర

శ్రీముఖలింగ క్షేత్రాన్ని ఎరుగనివారు కళింగాంధ్రంలో అరుదు. గాంగరాజుల నాటి మధుకేశ్వరాలయానికి అనతిదూరంలో వంశధార ప్రవహిస్తున్నది. ఒడిశా కొండలలో పుట్టి, మన జిల్లాలో ప్రవేశించి, కళింగపట్నం వద్ద సముద్రంలో కలిసే నది అది. దాని వరద కేవలం మన ఊళ్ల వానతో వచ్చేది కాదు. ఇక్కడ ఎండ కాస్తున్న రోజుననే ఎగువ నెక్కడో కురిసిన వానకు రేవు మునగవచ్చును. ఈ యేడు వరద వచ్చునా రాదా అని రైతు అడిగితే పంచాంగం ఒక జవాబు చెబుతుంది, ఊరిలోని వృద్ధుల జ్ఞాపకం మరొక జవాబు చెబుతుంది. ఇవి రెండూ కాక మూడవ జవాబు ఒకటున్నది. గడచిన అరవై ఏండ్లలో ఎన్ని ఏండ్లు నది ఈ గట్టు దాటినది? ఆ సంఖ్యను అరవైతో భాగిస్తే వచ్చే భిన్నమే ఆ జవాబు. చూడడానికి ఇది చిన్న తరగతి బాలుడు చేయగల భాగహారం. ఇటువంటి లెక్కను నమ్ముకొని ఇంజనీర్ల సంఘాల నిర్ణయాలకు ఎదురు నిలిచిన వ్యక్తి ఒకరు వంగదేశంలో ఉండేవారు. ఆయన పేరు ప్రశాంతచంద్ర మహలనోబిస్.

ఆయన కథలోనికి పోకముందు ఆ భిన్నాన్ని గురించి కొంత చెప్పుకోవాలి. మన పిల్లలు హైస్కూలులో సంభావ్యత అనే పాఠం చదువుతారు. నాణెం ఎగురవేస్తే బొమ్మ పడే సంభావ్యత సగం అని అక్కడ నేర్చుకొంటారు. ఆ సగం ఎక్కడినుండి వచ్చినది? నాణేనికి ముఖాలు రెండే అనీ, ఆ రెండూ సమానమనీ మనం ముందుగా అంగీకరించుట వలన వచ్చినది. దీనికి సైద్ధాంతిక సంభావ్యత అని పేరు. నాణేనికి బదులు గవ్వను తీసుకోండి. గవ్వ కూడా రెండు విధాలుగానే పడుతుంది — వెల్లకిల, లేదా బోర్లా. అంతమాత్రాన సగం సగం అనవచ్చునా? గవ్వ వీపు గుండ్రన, నోటివైపు చదును. రెండు పక్కలూ ఒకటి కావు. అష్టాచెమ్మా కోసం రాతిమీద అరగదీసిన చింతపిక్కల సంగతి కూడా ఇంతే, అరగదీసిన కొద్దీ వాటి స్వభావం మారుతుంది. ఇక్కడ సిద్ధాంతం నోరు మెదపదు. గవ్వను పలుమార్లు వేసి, ఎన్నిమార్లు వెల్లకిల పడినదో చూచుకోవడం తప్ప వేరు దారి లేదు. వేసిన మార్లు ‘న’ అనీ, వెల్లకిల పడిన మార్లు ‘మ’ అనీ అనుకొంటే, మ/న అనే భిన్నమే ప్రయోగాత్మక సంభావ్యత. ఆటలో ఆరితేరిన అవ్వలకు ఈ పేరు తెలియదు గాని, తమ గవ్వల నైజం మాత్రం బాగా తెలుసు.

నది నాణెం వంటిది కాదు, గవ్వ వంటిది. దానికి సమానమైన ముఖాలు లేవు. గదిలో కూర్చుండి ఆలోచించినంత మాత్రాన దాని వరదల లెక్క తేలదు.

నన్నయగారి ఆరణ్యపర్వంలో నలోపాఖ్యానం చదివినవారికి ఋతుపర్ణుని కథ గుర్తుండే ఉంటుంది. బాహుకుడు రథం తోలుతుండగా ఆ రాజు దారిలోని తాండ్రచెట్టును చూచి, దాని ఆకులూ కాయలూ ఎన్నో నిలుచున్న పాటున చెప్పివేస్తాడు. బాహుకుడు ఆ మాట నమ్మక రథం ఆపి, చెట్టును పడగొట్టి లెక్కపెడతాడు. లెక్క సరిపోతుంది. అప్పుడు రాజు వద్ద అక్షహృదయమనే విద్యను గ్రహించి, ఆ విద్యతోనే నలుడు పోయిన రాజ్యాన్ని జూదంలో తిరిగి గెలుస్తాడు. పాచికల మర్మమూ చెట్టు కాయల లెక్కా ఒకే విద్య కావడం నాకు చాలకాలం వింతగానే తోచేది. కొంత చూచి మొత్తాన్ని ఊహించే నేర్పుకూ, పాచికల పోకడ కనిపెట్టే నేర్పుకూ బంధుత్వమున్నదని నేటి గణాంకశాస్త్రం చదివినవారికి వింత ఉండదు. ఇందులో నాకు ఋతుపర్ణుని కంటె బాహుకుడే ఎక్కువ మెప్పుకు తగినవాడుగా కనిపిస్తాడు. మాట నమ్మక చెట్టు దిగ్గొట్టి లెక్కపెట్టినవాడు అతడే గదా! మహలనోబిస్ స్వభావం కూడ ఇట్టిదే.

ప్రశాంతచంద్ర 1893 జూన్ 29న కలకత్తాలో జన్మించినారు. తాతగారు గురుచరణ్ బ్రహ్మసమాజ ప్రముఖులు, నాటి కట్టుబాట్లను కాదని వితంతువును వివాహమాడిన సంస్కర్త. వీరేశలింగం పంతులుగారి ఉద్యమం ఎరిగిన తెలుగువారికి ఆ యింటి వాతావరణం ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. తాతగారు స్థాపించిన బ్రహ్మసమాజ బాలుర పాఠశాలలోనే ఆయన ప్రాథమిక విద్య జరిగినది. తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలో జగదీశచంద్ర బోసు, ప్రఫుల్లచంద్ర రాయ్ వంటి మహనీయులు బోధిస్తున్న రోజులలో చదివి, 1912లో భౌతికశాస్త్రంలో పట్టభద్రులైనారు.

మరుసటి ఏడు ఇంగ్లండు ప్రయాణం. లండనులో చదవాలని వెళ్లినవారు ఒకనాడు కేంబ్రిడ్జి చూడబోయి, కింగ్స్ కళాశాల ప్రార్థనామందిరపు శోభకు ముగ్ధులై, తిరుగు రైలు తప్పిపోయినారు. ఆ రాత్రి మిత్రుని ఇంట నిలిచి, అతని ప్రోత్సాహంతో ఆ కళాశాలలోనే చేరినారు. యాదృచ్ఛికాన్ని శాస్త్రంగా సాధన చేసిన మనిషి జీవితం ఒక తప్పిన రైలుతో మలుపు తిరగడం గమనింపదగినది.

కేంబ్రిడ్జిలో ఆయనకు రామానుజన్‌తో స్నేహం కలిసినది. ఒకనాడు రామానుజన్ వంట చేసుకొంటుండగా మహలనోబిస్ ఒక పత్రికలో చూచిన చిక్కుప్రశ్నను వినిపించినారు. ఒక వీధిలో ఇండ్లకు ఒకటి మొదలు వరుసగా సంఖ్యలున్నవి. ఒక ఇంటికి ఎడమవైపు ఉన్న సంఖ్యల మొత్తమూ కుడివైపు ఉన్న సంఖ్యల మొత్తమూ సమానం. వీధిలో ఇండ్లు ఏబదికి పైన, ఐదువందలకు లోపల. ఆ ఇల్లు ఏది? మహలనోబిస్ కొద్దిసేపు ప్రయత్నించి 288 ఇండ్ల వీధిలో 204వ ఇల్లు అని తేల్చుకొన్నారు. రామానుజన్ గరిటె చేతినుండి దింపకుండానే, ఈ ఒక్క వీధికే గాక ఇటువంటి సమస్త వీధులకూ సరిపోయే సూత్రాన్ని చెప్పివేసినాడు. ఉపాధ్యాయులు ఈ లెక్కను విద్యార్థులకు ఇచ్చి చూడవచ్చును. ఒకటి నుండి 203 వరకు కూడితే 20,706, 205 నుండి 288 వరకు కూడినా 20,706. మనస్సులోనే పుట్టి మనస్సులోనే తెమలే గణితం అది. మహలనోబిస్ నడచిన దారి వేరు. పొలం గట్టుకు పోయి చూస్తేనే గాని ఆయన ప్రశ్నలు తెమలవు.

ఆ దారి ఆయనకు దొరికినది కూడా విచిత్రంగానే. 1915లో ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణులై, కొద్దికాలం సెలవు మీద స్వదేశానికి బయలుదేరినారు. యుద్ధకాలం గనుక ఓడ ఆలస్యమైనది. వేచియున్న రోజులలో కళాశాల గ్రంథాలయంలో మెకాలే అనే అధ్యాపకుడు బయోమెట్రికా అనే పత్రిక సంపుటాలను చూపించినాడు. ఆయన ఆ సంపుటాలన్నీ కొని, ఓడమీద చదువుకొంటూ కలకత్తా చేరినారు. తిరిగి కేంబ్రిడ్జికి పోవలసిన విద్యార్థి ప్రెసిడెన్సీ కళాశాలలో అధ్యాపకుడై నిలిచిపోయినారు.

ఆ పత్రిక స్థాపకులలో ఒకడు కార్ల్ పియర్సన్. నాణేన్ని 24,000 మార్లు వేయగా బొమ్మ 12,012 మార్లు పడినదని లెక్క నిలిపిన పండితుడు. అతనికి చాలా ముందే, పదునెనిమిదవ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు బుఫాన్ 4,040 మార్లకు 2,048 బొమ్మలు చూచినాడు. ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూడండి. బుఫాన్ భిన్నం సుమారు 0.507, పియర్సన్ భిన్నం 0.5005. వేసిన మార్లు పెరిగిన కొద్దీ భిన్నం సగానికి చేరువ అవుతున్నది. అంతేగాని, వరుసగా ఐదు బొరుసులు పడినవి గనుక ఆరవది బొమ్మయే పడాలని నాణెం బాకీ తీర్చుకోదు. మన విద్యార్థులే కాక పెద్దలు కూడా పొరపడే చోటు ఇది. చేరువ కావడం కూడా చాలా మెల్లగా జరుగుతుంది. మన అంచనాలోని తప్పును సగానికి తగ్గించవలెనంటే ప్రయోగాల సంఖ్యను రెట్టింపు చేస్తే చాలదు, నాలుగింతలు చేయాలి.

కలకత్తాలో ఆయన మొదటి లెక్కలు చిన్నవి. బ్రజేంద్రనాథ్ శీల్ కోరగా విశ్వవిద్యాలయ పరీక్షల ఫలితాలను పరిశీలించినారు. 1920లో నాగపూరు సైన్సు కాంగ్రెసు వద్ద పరిచయమైన జంతుశాస్త్రజ్ఞుడు అన్నండేల్ కలకత్తాలోని ఆంగ్లో-ఇండియన్ల శరీరపు కొలతలను ఆయన చేతికిచ్చినాడు. 1922లో వెలువడిన ఆ పరిశీలన నుండే, అనేక కొలతలను ఒక్కుమ్మడిగా తీసుకొని రెండు సముదాయాల మధ్య దూరం తేల్చే పద్ధతి కాలక్రమాన రూపొందినది. 1936లో ప్రకటితమైన ఆ దూరం నేటికీ ప్రపంచమంతటా ఆయన పేరుతోనే పిలువబడుతున్నది.

ఇక నదుల సంగతి. 1922లో ఉత్తర వంగదేశంలో పెద్ద వరద వచ్చినది. నీటిని నిలువరించుటకు విశాలమైన జలాశయాలు కట్టించాలని ఇంజనీర్ల సంఘం తలపెట్టినది. అప్పుడు అలీపూర్ వాతావరణశాఖలో కూడా పనిచేస్తున్న మహలనోబిస్ ఏబది ఏండ్ల వర్షాల లెక్కలను, వరదల లెక్కలను తీసి పోల్చి చూచినారు. అక్కడి కష్టం నీరు నిలువ లేకపోవడం కాదు, నీరు పోయే దారి లేకపోవడం. ఆ జలాశయాల వలన ప్రయోజనం ఉండదని తేలినది.

1926లో ఒరిస్సాలోని బ్రాహ్మణీ నది పొంగి అపారమైన నష్టం కలిగించినది. ఆ వరదను చూచిన ఇంజనీర్లు నది అడుగు మేట వేసి పైకి లేచినదనీ, కట్టలు ఇంకా ఎత్తు చేయాలనీ అన్నారు. ఆ మాట వినుటకు ఎంతో సహజంగా ఉన్నది. ఎన్నడూ చూడని వరద వచ్చినప్పుడు నది మారిపోయినదని ఎవరికైనా తోస్తుంది. కాని అది గవ్వను ఒక్కమారు వేసి దాని గుణం నిర్ణయించినట్లు కాదా? మహలనోబిస్ సుమారు అరవై ఏండ్ల లెక్కలు తీసినారు. నది అడుగు నిజంగా లేచి ఉంటే, పూర్వం ఎంత వానకు ఎంత నీటిమట్టం వచ్చేదో, ఇప్పుడు అంతే వానకు అంతకు మించిన మట్టం రావాలి. లెక్కలలో అటువంటి మార్పు కనిపించలేదు. ఆ ఏడు వాన అసాధారణం, నది మాత్రం మునుపటి నదియే. కట్టలు పెంచడం కాదు, ఎగువన ఆనకట్టలు కట్టి వరదను అదుపు చేసి విద్యుత్తు కూడా తీయాలని ఆయన సూచించినారు. దరిమిలా మహానది మీద 1957లో పూర్తి అయిన హీరాకుడ్ ఆనకట్టకు ఆయన లెక్కలు ఆధారంగా ఉపకరించినవి. గొట్టా బారేజీ ఎరిగిన మన వంశధార తీరవాసులకు, పొరుగు నదులమీద జరిగిన ఈ లెక్కల విలువ విప్పిచెప్పవలసిన పని లేదు.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఆయన గదియే తొలి గణాంక ప్రయోగశాల. 1931 డిసెంబరు 17న జరిగిన సభలో భారత గణాంక సంస్థకు అంకురార్పణ జరిగినది. 1933లో సంఖ్య అనే పత్రిక వెలువడినది. సంఖ్య అను మాటకు లెక్క అనే అర్థంతోపాటు సరియైన జ్ఞానమనే అర్థం కూడ ఉండడం సంస్కృతజ్ఞులకు విదితమే. రవీంద్రునికి సన్నిహితుడైన ఈ భౌతికశాస్త్రజ్ఞునికి మాటల విలువ బాగా తెలుసు.

ఆయన పేరు సామాన్య ప్రజలకు చేరువ అయినది జనపపంట లెక్కతో. నెల్లిమర్ల మిల్లును, గోగునారను ఎరిగిన మన ప్రాంతానికి నార పంట ధర ఎంత ఒడిదుడుకులదో తెలుసు. వంగదేశంలో ఏ యేడు ఎంత జనపనార పండుతున్నదో ఎవరికీ సరిగా తెలియదు. 1937లో ఆయన నమూనా లెక్క ప్రారంభించినారు. దాని వెనుకనున్న బీజగణితం విద్యార్థులకు అందేదే. ఒక ప్రాంతంలో 8,000 పొలాలున్నవనుకొందాం. వాటిలో 200 పొలాలను చీటీలు తీసి ఎన్నుకొని చూడగా, 50 పొలాలలో జనపపంట ఉన్నదనుకొందాం. మొత్తం జనపపొలాల సంఖ్య ‘య’ అయితే, య/8000 = 50/200. అనగా య = 2,000. సమీకరణం సాధించడం ఇంత సులువు. ఆ సమాన చిహ్నం ఎంతవరకు నిజమన్నదే చిక్కు. మరల చీటీలు తీసి వేరు 200 పొలాలు చూస్తే 46 రావచ్చును, 55 రావచ్చును. చీటీలు తీయక రోడ్డు పక్కన ఉన్నవని, పోవుటకు వీలైనవని ఎన్నుకొంటేనో, ఆ లెక్క ఎంత పెద్దదైనా ఎందుకూ కొరగాదు.

ఇక్కడనే ఆయన ప్రతిభ కనిపిస్తుంది. ఒకే ప్రాంతానికి రెండు బృందాలను పంపించేవారు. ఒకరి పొలాలు ఒకరివి కావు, ఒకరి లెక్క మరొకరికి తెలియదు. చివరకు రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టేవారు. రెండూ దగ్గరగా ఉంటే అంచనా నమ్మదగినది. దూరంగా ఉంటే నమూనా చిన్నదైనా కావాలి, ఎవరో చెట్టునీడన కూర్చుండి అంకెలు వ్రాసియైనా ఉండాలి. తన లెక్కలో తప్పు ఎంత ఉన్నదో తన లెక్కచేతనే చెప్పించడం సామాన్య విషయం కాదు. ప్రభుత్వం ఒకవైపు పొలం పొలమూ తిరిగి లెక్కింపజేసి, మరొకవైపు ఈ నమూనా లెక్కా చేయించినప్పుడు, నమూనా లెక్కయే వర్తకుల సరుకు లెక్కకు దగ్గరగా వచ్చినది. ఖర్చు అందులో కొద్దిపాటి. వేలాదిమంది తాత్కాలికపు ఉద్యోగులు తొందరలో చేసిన పూర్తి లెక్కకంటె, తర్ఫీదు పొందిన కొద్దిమంది శ్రద్ధగా చేసిన కొద్ది లెక్క మేలైనదన్నమాట.

ఆయన మాటకు ఎదురు లేదని అనుకోరాదు. పంట దిగుబడి తేల్చుటకు పొలంలో చిన్న వృత్తం గీచి అందులోని పైరు కోసి తూచేవారు. వృత్తం మరీ చిన్నదైతే గీత మీద నిలిచిన మొక్కలను లోపలికి చేర్చుకొనే అలవాటు వలన దిగుబడి ఎక్కువగా కనిపిస్తుంది. ఈ విషయమై పాండురంగ సుఖాత్మే అనే మరొక గణాంకజ్ఞునితో ఆయనకు దీర్ఘవివాదం నడిచినది. పెద్ద ముక్కలనే కోయాలని సుఖాత్మే పక్షం. ఎవరి పక్షాన నిజమెంత అన్నది అటుంచి, గింజల లెక్క దేశానికి ప్రాణసంకటమైన కాలంలో జరిగిన వాదమిది. 1943లో వంగదేశాన్ని కరువు కబళించినది. లక్షలమంది మరణించినారు. మిగిలినవారి స్థితి ఏమైనదో, ఎందరు భూములమ్ముకొన్నారో, ఎందరు కూలీలైనారో సంస్థవారు 1944-45లో గ్రామగ్రామాన నమూనా పద్ధతిని విచారించినారు. చచ్చిపోయినవారి తరువాత బ్రతికినవారిని లెక్కించడం ఎంత కఠినమైన పనియో ఊహించుకొనవచ్చును.

మన ఉత్తరాంధ్రకూ ఆ సంస్థకూ చుట్టరికం ఈ కాలంలోనే కలిసినది. విశాఖపట్నంలో చదివి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితశాస్త్రంలో ఎం.ఏ. పట్టం పొందిన కల్యంపూడి రాధాకృష్ణారావు అనే తెలుగు యువకుడు యుద్ధకాలపు ఉద్యోగమొకటి ఆశించి కలకత్తా వెళ్లినారు. ఆ ఉద్యోగం దొరకలేదు. గణాంక సంస్థను గురించి విని, 1941లో అక్కడ శిక్షణకు చేరినారు. నమూనాలోని అంచనా ఎంత మంచిదైనా ఒక హద్దును దాటి మెరుగు కాలేదనే సత్యాన్ని ఆయన 1945లో నిరూపించినారు. ఇరవైనాలుగేండ్లు కూడా సరిగా నిండి ఏడాది కాని వయస్సు. 1946లో మహలనోబిస్ ఆయనను కేంబ్రిడ్జికి పంపించినారు. సూడాను దేశంలో త్రవ్వి తీసిన ప్రాచీన అస్థిపంజరాల కొలతలను మహలనోబిస్ దూరంతో పరిశీలించుట అక్కడి పని. ఆ పని చేస్తూనే ఫిషర్ వద్ద పరిశోధన పూర్తిచేసినారు.

మహలనోబిస్‌కు 1945లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించినది. 1950లో జాతీయ నమూనా సర్వే ఆరంభమైనది. దేశంలోని లక్షల గ్రామాలలో కొన్నిటిని యాదృచ్ఛికంగా ఎన్నుకొని, ఆ ఇండ్లలో తిండికెంత, బట్టకెంత, పనియెంత అని విచారించే ఆ సర్వే పద్ధతి నేటికీ సాగుతున్నది. 1955 నుండి 1967 వరకు ఆయన ప్రణాళికా సంఘంలో ఉన్నారు. భారీ పరిశ్రమలకు పెద్దపీట వేసిన రెండవ పంచవర్ష ప్రణాళిక ఆయన సమీకరణాల మీద నిలిచినదే. ఆ ప్రణాళికను గురించిన విమర్శలు ఇక్కడ విస్తరించను. ఒక్క సంగతి మాత్రం నాకు తోస్తుంది. నది ఏటేటా పొంగుతుంది గనుక అరవై ఏండ్ల లెక్క తీయవచ్చును. పొలాలు వేలున్నవి గనుక రెండుమార్లు చీటీలు తీయవచ్చును. దేశాన్ని మాత్రం గవ్వవలె పలుమార్లు వేసి చూడరాదు. ప్రణాళిక విషయంలో ఆయన తన బలమైన ఆయుధాన్ని విడిచి, సిద్ధాంతాన్నే నమ్ముకొనవలసి వచ్చినది.

1968లో పద్మవిభూషణ బిరుదు వచ్చినది. చివరివరకు బారానగరులోని సంస్థ ఆవరణలోనే నివసించి, 1972 జూన్ 28న, డెబ్బది తొమ్మిదవ ఏట, పుట్టినరోజుకు ఒక్క దినం ముందు కన్నుమూసినారు. సంస్థ డైరెక్టరు పదవి విశాఖపట్నం నుండి వెళ్లిన రావుగారికి వచ్చినది. 2007 నుండి జూన్ 29ని మన దేశంలో గణాంక దినోత్సవంగా జరుపుతున్నారు. వేసవి సెలవులు ముగిసి పాఠశాలలు తెరచిన కొద్ది రోజులకే, వంశధారకు కొత్త నీరు రావలసిన వేళలో ఆ దినం వస్తుంది.